జన్యువులో లేని తప్పు కోసం మరిపెడ దాకా

వరంగల్ వెళ్ళొచ్చానని తెలిసి మా తెనాలి మిత్రులంతా ఒకటే అడుగుతున్నారు: కోట చూశావా, వేయిస్తంభాల గుడి చూశావా అని. రెండూ చూడలేదు. నేను చూసినవి ఒక ఆసుపత్రి వరండా, ఒక చర్చి, ఒక మిరప కల్లం, ఊదారంగు మూతలున్న కొన్ని చిన్న గొట్టాలు. ఢిల్లీ దాకా వెళ్ళి హేతువాద సభల్లో వాదించి వచ్చినవాణ్ణి. అయినా ఇంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదనిపిస్తోంది. ఆ ప్రయాణాలకు కోపంతో బయలుదేరేవాణ్ణి. దీనికి భయంతో బయలుదేరాను.

ఈ కథలో పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగినట్టే రాస్తున్నాను.

డోర్నకల్ దాటాక

మా అమ్మాయి స్వేచ్ఛ హనుమకొండలో, సుబేదారిలో ఉంటుంది. కాలేజీలో పాఠాలు చెబుతుంది. అల్లుడు సుధీర్ ఒక ఆఫీసులో ఉద్యోగి. వాళ్ళది మరిపెడ, క్రైస్తవ కుటుంబం. మాకు ఏ దేవుడూ లేడు. రిజిస్ట్రారు ముందు సంతకాలతో పెళ్ళయింది. అమ్మాయికి మొదటి కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల.

ఈసారి ముందుగానే చేసిన రక్తపరీక్షల్లో తలసీమియా అనే మాట వచ్చింది. స్వేచ్ఛకు జబ్బు లేదు. తల్లి నుంచో తండ్రి నుంచో, అంటే నా భార్య నుంచో నా నుంచో, ఒక చెడిన జన్యువు వచ్చింది. రెండోది మంచిది కనుక మనిషికి ఇబ్బంది లేదు. కానీ భర్తకు కూడా అలాంటిదే ఉంటే, ప్రతి కానుపులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు రెండూ చెడినవే రావచ్చు. అలాంటి బిడ్డ ఏడాది నిండకముందు నుంచే ఇతరుల రక్తం ఎక్కించుకుంటూ బతకాలి. సుధీర్ రక్తం కూడా తేడాగా ఉందని ఫోనులో చెప్పారు.

రైల్లో ఎదుటి సీటులో మహబూబాబాద్ వెళ్ళే ఒకావిడ జామకాయ కోసి, ఉప్పూకారం అద్ది సగం నా చేతిలో పెట్టింది. మా వైపు రైల్లో ఏదైనా ఇస్తే ముందు వద్దంటాం, మళ్ళీ అడిగితే తీసుకుంటాం. ఇక్కడ అడగడమే లేదు.

"బిడ్డ దగ్గరికి పోతాన్నవా? ఎన్నో నెల?"

"నాలుగు."

"మొఖం గట్ల పెట్టినవేంది మరి? ఒక దారం కట్టియ్యరాదు. పోయేదేముంది?"

దారాలు తెంపించినవాణ్ణి నేను. వేదికల మీదే తెంపించాను. ఆమెకు చెప్పడానికి నా దగ్గర గంటన్నర ఉపన్యాసం ఉంది. జామకాయ తింటూ కూర్చున్నాను. డోర్నకల్ దాటాక కిటికీలోంచి చూస్తూ, వరంగల్ వచ్చేలోగా ఎదురుగా గూడ్సు బండి వస్తే బిడ్డకేమీ కాదు అనుకున్నాను. అనుకున్న సంగతి కూడా నాకు తెలియలేదు. బండి వచ్చింది. గుండె తేలికపడింది. అప్పుడు తెలిసింది. నామీద నాకు కోపం రాలేదు, భయం వేసింది. మనిషిలోకి మూఢనమ్మకం దూరడానికి ఇంత చిన్న సందు చాలా?

సుబేదారి

స్టేషను నుంచి ఆటో అతను మూడొందలన్నాడు. నేను బేరమాడలేదు. దానికి అతనే కంగారుపడి, "ఏమన్న ఫికర్ల ఉన్నవా సార్? రెండొందలియ్యి తియ్యి" అన్నాడు. బేరమాడకుండా ధర తగ్గడం మా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నేనెన్నడూ చూడలేదు.

సుధీర్ సర్వపిండి చేసిపెట్టాడు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, శనగపప్పు కలిపి గిన్నె లోపలంతా అద్ది కాలుస్తారు. మా తపాలా చెక్కకు చుట్టం. కరకరలాడుతోంది. కానుపు డాక్టరు మంచం దిగవద్దన్నదని స్వేచ్ఛ పడుకునే తింటోంది.

మరునాడు నేనూ సుధీర్ జన్యువైద్యం చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నలభై దాటిన మనిషి. చెప్పేటప్పుడు మన కళ్ళలోకే చూస్తుంది.

"సార్, ఒక మాట ముందే చెప్త. సుధీర్ జీన్ మంచిగనే ఉంది. మొత్తం చదివిపిచ్చినం, ఒక్క అక్షరం తప్పు లేదు."

"అయితే భయం లేనట్టేగా?"

"ఉంది సార్. తప్పు జీన్ల లేదు. పక్కన ఉంది."

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆ గదిలో నాకూ కొత్తగానే ఉంది. మన ఒంట్లో కణాలన్నిటిలో దాదాపు ఒకే గ్రంథం ఉంటుంది. కంటిలోనూ అదే, కాలేయంలోనూ అదే. అయినా రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ కంటిలో తయారవదు, ఎముకల మజ్జలోనే తయారవుతుంది. ఏ పుట ఎక్కడ తెరవాలి, ఎప్పుడు మూయాలి అని చెప్పేవి జన్యువులు కావు, జన్యువుల ముందూ, దూరంగానూ ఉండే డీఎన్‌ఏ ముక్కలు. వాటిమీద కొన్ని ప్రోటీన్లు వచ్చి కూర్చుంటాయి. కొన్ని కూర్చుంటే జన్యువు పని మొదలుపెడుతుంది, కొన్ని కూర్చుంటే ఆపేస్తుంది. ఆ ముక్కలు తాము ఏ ప్రోటీనూ తయారుచేయవు. వాటిని చాలాకాలం చెత్తతోనే లెక్కగట్టారు.

కడుపులో ఉన్న బిడ్డకు ఒక రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. దానికొక జన్యువు. పుట్టాక కొన్ని నెలల్లో ఆ జన్యువు ముందరి ముక్క మీద, అంటే దాని మీట మీద, ఒక ప్రోటీన్ కూర్చుని దాన్ని మూసేస్తుంది. పెద్దవాళ్ళ జన్యువు జోరందుకుంటుంది. సుధీర్‌లో పసివాడి జన్యువు మూతపడలేదు. ముప్పై దాటినా ఆ పసి రక్తం ఇంకా తయారవుతూనే ఉంది.

"ఎందుకు మూతపడలేదు?" అన్నాను.

"రెండు కారణాలు ఉండొచ్చు సార్. ఒకటి, ఆ మీటల ఒక అక్షరం మారి, మూసే ప్రోటీన్ కూసోలేకపోతాంది. అట్లయితే మంచిదే. స్వేచ్ఛ చెడ్డ జీన్ బిడ్డకు వచ్చినా, ఇటువైపు పసి రక్తం జీవితాంతం కాపాడుతది. రెండోది, అక్కడ ఒక పెద్ద ముక్కే తెగిపోయి, పెద్దోళ్ళ జీన్‌ను నడిపేదే లేకపోవచ్చు. అట్లయితే బిడ్డకు కష్టమే."

"ఏది?"

"మీట ముందు ఒక అక్షరం మారింది. కానీ ఆ మార్పు మాకు తెలిసిన వాటిల్లో లేదు. అసలు దొంగ అదేనా, దారినపొయ్యేదా? ముక్క తెగిందా అని ఇంకో పరీక్షకు పంపినం. దాంతోపాటు వీళ్ళింట్ల పెద్దమనుషుల రక్తం కావాలె. ఆ అక్షరం ఉన్నోళ్ళందరికీ పసి రక్తం ఉండి, వాళ్ళు సుఖంగ ఉంటే నేను నమ్ముత."

లేకపోతే? లేకపోతే గర్భంలోకి సూది పంపి ఉమ్మనీరు తీసి బిడ్డ జన్యువులు చదవాలి. ఆ సూదితో ఎక్కడో ఒకరికి కడుపు పోతుంది. ఒకసారి పోగొట్టుకున్న మనిషికి 'ఎక్కడో ఒకరికి' అనే మాటలో ఓదార్పేమీ ఉండదు. చెడ్డ ఫలితం వస్తే దాని తరువాత ఇంకొక నిర్ణయం ఉంది. దాని పేరు ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

సుధీర్ తండ్రి దానియేలు గారి రక్తం అప్పటికే చూశారు, తేడా లేదు. కనుక వచ్చింది తల్లివైపు నుంచి. ఆవిడ సుధీర్ చిన్నప్పుడే పాము కరిచి పోయింది. ఆవిడ అక్క రాహేలమ్మ మరిపెడలోనే ఉంది. సుధీర్ ఫోను చేస్తే, "మా రక్తానికి ఏం రోగం లేదు బిడ్డా" అని పెట్టేసింది. సుధీర్ భార్యను వదిలి కదలలేడు. నేను బయలుదేరాను. డాక్టరు ఊదారంగు మూతల గొట్టాలు ఇచ్చింది, చల్లగా తెమ్మంది.

మరిపెడ

తొర్రూరులో బస్సు ఆగితే మిరపకాయ బజ్జీలు తిన్నాను. నాలుగు ఇరవై రూపాయలు. మా బజ్జీలో వాము పెడతాం. ఇక్కడ మిరపకాయకు తోడుగా మిరపకాయే.

మరిపెడలో దిగేసరికి ఊరంతా ఎర్రగా ఉంది. కల్లాల్లో మిర్చి ఎండబోశారు. తుమ్మడం మొదలుపెట్టినవాణ్ణి మూడు రోజులూ తుమ్ముతూనే ఉన్నాను.

"రా బావా. మా మిర్చి నీకు దండం పెట్టిస్తాంది చూడు" అన్నాడు మా వియ్యంకుడు దానియేలు. మా ఇళ్ళలో చుట్టం వస్తే ముందు కాఫీ ఇచ్చి, ఏం తింటారని అడుగుతాం. ఇక్కడ చెంబుతో నీళ్ళిచ్చారు, ఛాయ్ ఇచ్చారు, అది తాగేలోపు పెరట్లో కోడి అరుపు ఆగిపోయింది.

జొన్నరొట్టె, నాటుకోడి కూర ముందు పెట్టుకుని ఆయనకు విషయం చెప్పాను. మీట అంటే ఎక్కలేదు. బోరు మోటారు పోలిక తెచ్చాను. మోటారు జన్యువు, స్టార్టరు దాని ముందున్న ముక్క. మోటారు కాలిపోలేదు, స్టార్టరు బందు కావడం లేదు, అందుకని పాత మోటారు నడుస్తూనే ఉంది అన్నాను.

"మోటారు బందుగాకుంటే మా పొలంల నీళ్ళే నీళ్ళు. మంచిదే గద బావా?"

"అది స్టార్టరు తప్పైతే మంచిదే. వైరే తెగిపోయి ఉంటే కాదు."

"మరి గది తెల్వాలంటే రాహేలు వదినె రక్తం గావాలె." ఆయన రొట్టె తుంచడం మానేశాడు. "గామె ఇయ్యది."

రాహేలమ్మ కల్లంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. డెబ్బై దాటిన మనిషి. పక్కన మనవరాలు. నేను చెప్పినదంతా వింది. చేతులు ఆగలేదు.

"మేమేమన్న రోగిష్టోళ్ళమా అన్నా? గీ ఎండల నన్ను చూసి చెప్పు. నీ బిడ్డకు దేవుడు మేలు చేస్తడు. పోయి రా."

వాదించడం నా వృత్తి. ఆమెకు ఎదురుగా కూర్చుని వాదించాను. వంశపారంపర్యం అంటే సిగ్గుపడాల్సింది కాదన్నాను, నా రక్తంలోనూ చెడిన జన్యువు ఉండవచ్చన్నాను. మనవరాలు తలెత్తి నావైపు చూసింది. ఆమె వెంటనే, "నువ్వు లోపటికి పో" అంది ఆ పిల్లతో. నాకు వీపు తిప్పి కూర్చుంది.

దారిలో దానియేలు చెప్పాడు. ఆ పిల్లకు సంబంధం కుదిరిందట. పెళ్ళికొడుకుదీ ఇదే సంఘం. ఆదివారం చర్చిలో ప్రకటన చదువుతారు. ఫలానా వాడికీ ఫలానా దానికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పాలి అని సంఘం ముందు అడుగుతారు. అలా వరసగా మూడు ఆదివారాలు. ఆ మూడూ గడిచేదాకా ఆ ఇంటి నుంచి రక్తం మాట బయటకు రాదు. మాకేమో అంత వ్యవధి లేదు, సూది పరీక్ష అవసరమైతే త్వరగా చేయించాలి.

ఆదివారం

చర్చికి ఎందుకు వెళ్ళావని మిత్రులు అడుగుతారు. రాహేలమ్మను ఇంకొక్కసారి అడుగుదామని వెళ్ళాను. చెప్పులు బయట విడిచి చివరి చాప మీద కూర్చున్నాను.

పాస్టరు ప్రకటన చదివాడు. అభ్యంతరం ఉన్నవారు చెప్పాలన్నాడు. ఎవరూ చెప్పలేదు. తరువాత ప్రార్థన విన్నపాల చీటీలు చదవడం మొదలుపెట్టాడు. ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరికి మిర్చి ధర. ఆ పైన: "మన దానియేలు కొడుకు సుధీర్‌కు, కోడలు స్వేచ్ఛకు రక్తంల దోషం ఉన్నదని డాక్టర్లు చెప్పిన్లు. తల్లి దిక్కు నుంచి వచ్చిందంటాన్లు. కడుపుల బిడ్డ కొరకు ప్రార్థన చేద్దాం."

చీటీ రాసింది దానియేలు. నాకు సాయం చేద్దామనే రాశాడు. చర్చిలో ఆడవాళ్ళంతా ఒక్కసారిగా రాహేలమ్మ వైపు తిరిగారు. ఆమె చెల్లెలే కదా సుధీర్ తల్లి. మనవరాలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నేను లేచాను. "నా కూతురి గర్భం సంగతి పదిమందిలో చదవమని మీకెవరు చెప్పారు? ఆమెను అడిగారా?"

"అన్నా, చెప్పకుంటే ప్రార్థన ఎట్ల చేస్తం?" అన్నాడు పాస్టరు. వెక్కిరింపు లేదు. నిజంగానే అడిగాడు.

"ఆమె శరీరం ఆమెది. దాని మీద ఊరికి హక్కు లేదు. దోషం అన్నారు, అది దోషం కాదు. ఈ ఒక్క మాటతో ఎన్ని ఇళ్ళ తలుపులు మూస్తున్నారో తెలుసా?"

దానియేలు నా చొక్కా పట్టి లాగుతున్నాడు. అప్పుడు రాహేలమ్మ లేచింది. వాళ్ళలో సాక్ష్యం చెప్పడమని ఒక పద్ధతి ఉంది. ఎవరైనా లేచి, తమ బతుకులో జరిగింది సంఘం ముందు చెప్పవచ్చు.

"నేను సాక్ష్యం చెప్త," అంది. "నా తొలుసూరు కాన్పుకు మిషన్ దవాఖానల రక్తం తీసి డాక్టరమ్మ అన్నది, నీ ఒంట్ల పసిపిల్ల రక్తం ఉన్నదే అని. గిది చెడ్డదా అంటే తెల్వదన్నది. నేను ఇంటికొచ్చి ఎవ్వలకు చెప్పలే. చెప్తే నా బిడ్డలను ఎవ్వలు చేసుకుంటరు? గీ రక్తంతోటే కన్న. గీ రక్తంతోటే మిర్చి ఏరిన. ఒక్కనాడు ఆయాసం రాలే. మొన్న గీ అన్న వస్తే ఎల్లగొట్టిన. గిప్పుడు మీరంత ఎరుకైనోళ్ళ లెక్క చూస్తాన్లు. నా మనవరాలికి అభ్యంతరం ఉంటే నా మొఖం మీద చెప్పున్లి."

పెళ్ళికొడుకు తండ్రి గొంతు సవరించుకున్నాడు. "అభ్యంతరం అని కాదు వదినా. పిల్ల రక్తం గుడ జర చూపిస్తే మంచిది గద."

"పిల్లది ఒక్కదానిదే ఎందుకు?" నేను ఇంకా నిలబడే ఉన్నాను. "ఇద్దరిదీ చూపించండి. ఇద్దరికీ ఉంటేనే తంటా. మా ఇంట్లో చెడ్డ జన్యువు ఎవరిదో తెలుసా? నా కూతురిది."

ఆ తండ్రి తన కొడుకు వైపు చూశాడు. ఆ అబ్బాయి, "నేనూ ఇస్త బాపు" అన్నాడు. ఆడవాళ్ళ వైపు ఎవరో, "సూదికి భయపడతడు వాడు, పట్టుకోవాలె" అన్నారు. నవ్వులు లేచాయి. పాస్టరు తరువాతి చీటీ తీశాడు.

ఆ చీటీ చదవడం తప్పనే ఇప్పటికీ అంటాను. ఆ చీటీ చదవకపోతే నాకు ఆ రక్తం దొరికేది కాదు. రెండూ నిజమే. ఒకదానితో రెండోదాన్ని కొట్టేయడం నాకు చేతకాలేదు, వాదాల్లో అదే నా పని అయినా.

తొర్రూరు బస్సు

మరునాడు పొద్దున్నే రాహేలమ్మ, ఆమె కొడుకు, కూతురు ముగ్గురూ చేతులు చాపారు. ఊరి ల్యాబు కుర్రాడు రక్తం తీశాడు. దానియేలు ఇంట్లోని ఛాయ్ ఫ్లాస్కులో అడుగున ఐసు వేసి, పైన గుడ్డలో చుట్టిన గొట్టాలు పెట్టాం. కిక్కిరిసిన బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన మిర్చి మూటతో ఒక పెద్దమనిషి.

"అన్నా, ఛాయ్ ఉన్నదా? జర పొయ్యరాదు."

"ఛాయ్ కాదు."

"మరేంది?"

"రక్తం."

ఆయన నావైపు చూశాడు, ఫ్లాస్కువైపు చూశాడు, తన మూట తీసుకుని లేచి నిలబడ్డాడు. ఇంత రద్దీలోనూ హనుమకొండ దాకా నా పక్క సీటు ఖాళీగానే ఉంది. నాకు నవ్వు రాలేదు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా లోపల గాజుకు గాజు తగిలినట్టు వినిపించింది. ఐసు కరిగితే? మూత ఊడితే? మూత తీసి చూడాలని చేయి పోయేది, చూస్తే చల్లదనం పోతుందని ఆగేవాణ్ణి.

మళ్ళీ సుబేదారి

రిపోర్టు వచ్చేదాకా తెనాలి వెళ్ళలేకపోయాను. ఒక మధ్యాహ్నం స్వేచ్ఛ గోడవైపు తిరిగి పడుకుని అడిగింది.

"నాన్నా, బిడ్డకి రెండూ చెడ్డవే వస్తే ఏం చేద్దాం?"

"నీ నిర్ణయం నీది తల్లీ. నువ్వేమనుకుంటే అదే."

"అది సభలో చెప్పే జవాబు."

ఆ జవాబు మీద నేను వ్యాసాలు రాశాను. ఈనాటికీ అదే సరైనదంటాను. కానీ ఆ గదిలో అది మా అమ్మాయిని ఒంటరిగా వదిలేసి బయటకు నడిచిపోయింది.

"నాకు తెలియదమ్మా," అన్నాను. "భయంగా ఉంది."

"నాకూ," అంది. ఇటు తిరిగింది.

డాక్టరు పిలిచిన రోజు, మంచం దిగడానికి అనుమతి తీసుకుని స్వేచ్ఛ కూడా వచ్చింది. మేము కూర్చోకముందే డాక్టరు మొదలుపెట్టింది.

"ముక్క తెగలేదు. మీ పెద్దమ్మకు, ఆమె కొడుక్కు సుధీర్ అక్షరమే ఉంది, పసి రక్తం ఉంది. కూతురికి అక్షరం లేదు, పసి రక్తమూ లేదు. అక్షరం ఉన్న ఇద్దరూ గట్టిగున్నరు. అక్షరం మారింది కూడా సరిగ్గ మూసే ప్రోటీన్ కూసునే చోట. అసలు దొంగ ఇదే. నేను నమ్ముతాన్న."

"అంటే?" సుధీర్ నిలబడే అడిగాడు.

"స్వేచ్ఛది వచ్చినా, నీది వచ్చినా, రెండూ వచ్చినా బిడ్డ ఎక్కించే రక్తం మీద ఆధారపడి బతికేటట్టు ఉండదు. జర పాలిపోయి ఉంటే ఉండొచ్చు. సూది వద్దని నా సలహా. పుట్టినంక రక్తం చూద్దాం. నూటికి నూరు అని మాత్రం నన్ను అనిపియ్యకున్లి."

బయటకు వచ్చాం. స్వేచ్ఛ మెట్ల మీదే కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుంటుందనుకున్నాను. ఉన్నట్టుండి గబగబా మాట్లాడసాగింది.

"బిడ్డ అడ్డం తిరిగితే ఎలా? నొప్పులు వచ్చినప్పుడు ఆటో దొరక్కపోతే? నాకు పాలు పడకపోతే? నాన్నా, బిడ్డకి నీ ముక్కు వస్తే?"

సుధీర్ ఆమె పక్కన కూర్చున్నాడు. "అన్నీ ఇప్పుడే భయపడాల్నా?"

"మరి ఇన్నాళ్ళూ వీటికి భయపడ్డానికి నాకు తీరికేదీ?" అంది స్వేచ్ఛ. నవ్వుతోందో ఏడుస్తోందో మాకు తెలియలేదు. "విను, ఇంకా చాలా ఉన్నాయి."